జూలై ఒకటిన పుట్టిన పిల్లలు

మా బడిలో పిల్లలంతా జూలై ఒకటో తారీఖునే పుట్టారు. నవ్వొస్తోందా? రిజిస్టరు తెరిచి చూడండి. పద్నాలుగేళ్ళపాటు ఆ రిజిస్టరు రాసింది నేనే.

దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే, మట్టిరోడ్డు చివర మాదొక మిషను బడి ఉండేది. ఒకటే గది, ఒక్కతే టీచరు. ఆ టీచరును నేను, సంపూర్ణమ్మను. జూన్ నెల రాగానే కూలి తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్ళు. "ఎప్పుడు పుట్టాడే?" అనడిగితే, "కట్ట తెగిన ఏడు, ఊడ్పులప్పుడమ్మా" అనేవాళ్ళు. దాన్ని తారీఖు చెయ్యమంటే ఎవడి తరం? పిల్లాడి కుడిచెయ్యి తలమీదుగా తిప్పి, ఎడమ చెవి అందుతోందో లేదో చూసేదాన్ని. అందితే ఐదేళ్ళు నిండినట్టే. జూలై ఒకటి అని రాసి, సంవత్సరం మాత్రం నా ఇష్టం వచ్చినట్టు వేసేదాన్ని.

ఇష్టం వచ్చినట్టంటే ఊరికే కాదు. ఏడేళ్ళ పిల్లకి ఐదని రాసేదాన్ని. ఎందుకంటారా? కూలిపిల్లలు బడికి ఆలస్యంగా వస్తారు. ఉన్న వయసు ఉన్నట్టు రాస్తే, వాళ్ళు పదో తరగతి గట్టెక్కి ఏ సర్కారు కొలువుకో కాగితం పెట్టేసరికి వయసు మీరిపోయిందంటారు. రెండేళ్ళు తగ్గిస్తే ఆ బాధ లేదు. ఉద్యోగం వస్తే రెండేళ్ళు ఎక్కువ చేసుకోవచ్చు కూడా. నాకు ఈ విద్య నేర్పింది నా ముందున్న మేష్టారు. ఆయనకు నేర్పింది ఆయన ముందున్నాయన. ఈ జిల్లాలో పాత బడిపంతుల్ని ఎవర్నయినా అడగండి, కాదంటే నన్ను చెప్పుతో కొట్టండి. పేదపిల్లలకి మేం ఇవ్వగలిగిన ఆస్తి ఆ రెండేళ్ళేనని అనుకునేవాళ్ళం.

లూర్దమ్మకీ అదే ఇచ్చాను.

లూర్దమ్మ తండ్రి మరియదాసు. మా బడి వెనక పల్లెలో ఉండే కూలీ. తల్లి శౌరమ్మ నిండు నెలలతో ఉండి కూడా, వద్దురా బాబూ అన్నవాళ్ళ మాట వినకుండా, 1960లో గుణదల తిరనాళ్ళకి బయల్దేరింది. కొండెక్కి మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఫిబ్రవరి పన్నెండున ఇల్లు చేరింది. పద్నాలుగున ఆడపిల్లను కన్నది. లూర్దుమాత పేరే పెట్టారు. గుళ్ళో జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు జ్ఞానతల్లిగా పిల్లను ఎత్తుకుంది నేనే. గుడి పుస్తకంలో ఫాదరుగారు 14-2-1960 అని రాస్తే కింద నేను సంతకం పెట్టాను. ఏడేళ్ళకి ఆ పిల్లను బడిలో వేసుకున్నప్పుడు బడి పుస్తకంలో 1-7-1962 అని రాసి, దాని కిందా నేనే సంతకం పెట్టాను. ఒక పిల్లకి రెండు పుట్టుకలు. రెండింటికీ సాక్షిని నేనే.

నాకు కోపం ఎక్కువ. పిల్లల్ని కొట్టేదాన్ని, దాచుకోవడం దేనికి? కొట్టకపోతే ఆ పల్లెలో పిల్లలు మూడో తరగతికి కొడవలి పట్టేవాళ్ళు. లూర్దును మాత్రం కొట్టాల్సిన పని పడలేదు. చూసిందల్లా నేర్చుకునేది. పదేళ్ళప్పుడు ఒక కుర్రాడు కొడవలితో కాలు తెగ్గోసుకుని రక్తం కారుతూ బడికొచ్చాడు. మిగతావాళ్ళంతా గోలగోలగా ఏడుస్తుంటే ఈ పిల్ల కుండలో నీళ్ళతో కడిగి, తన పరికిణీ అంచు చింపి కట్టు కట్టింది. ముడి చూశాను. ఆసుపత్రిలో కట్టినట్టుంది. "నువ్వు నర్సువవుతావే" అన్నాను. ఊరికే అన్న మాట కాదది. ఆ రోజు నుంచీ నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

1972లో నన్ను బెజవాడలో గుణదల బడికి మార్చారు. మా వారు సంజీవరావు అప్పటికే ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తున్నారు. మాకు పిల్లల్లేరు. లూర్దును నాతో పంపమని మరియదాసును అడిగాను.

"ఆడపిల్ల, పట్నంలో ఏం చేస్తది టీచరమ్మా?" అన్నాడు.

"నీ ఇంట్లో ఏం చేస్తుంది? గేదెల్ని కాస్తుంది. ఆ గేదెలు కూడా నీవి కావు" అన్నాను. నా నోరు అలాంటిది. పాపం, దానికే తలూపాడు.

ఐదేళ్ళు మా ఇంట్లో ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు "టీచరుగారికి జీతం లేని పనిమనిషి దొరికింది" అనుకున్నారు. అనుకోనీ. అంట్లు తోమిన మాట నిజమే, చదివించిన మాటా నిజమే. నర్సు ట్రైనింగుకి ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారని విని, మందుసీసాల మీద చీటీలన్నీ దాని చేత చదివించేదాన్ని. షేక్ వెల్ బిఫోర్ యూజ్ అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. 74లో మా వారి కుడిచెయ్యి మిషన్లో పడి నాలుగు వేళ్ళు పోయాయి. మూడు నెలలు పొద్దునా సాయంత్రం ఆ చేతికి కట్టు మార్చింది లూర్దే. నేను కట్టు విప్పుతుంటేనే కళ్ళు తిరిగేవి. ఆ పిల్ల మాత్రం "బాబుగారూ, అటు చూడండి, కిటికీలోంచి చూడండి" అంటూ ఆయన్ని మాటల్లో పెట్టి పని కానిచ్చేది. ఆ చెయ్యి పోయాక ఆయన ఇంట్లో కూర్చున్నారు. నా జీతం ఒక్కటే మాకు ఆధారం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మరియదాసు ఏటా తిరనాళ్ళకి వచ్చేవాడు. అక్షరం రాదు గానీ కూతురి వయసు తిరనాళ్ళతో లెక్కపెట్టుకునేవాడు. 77 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మాత పతకం ఒకటి నల్లతాడుకి గుచ్చి కూతురి మెడలో వేసి, "ఇది పదిహేడో తిరనాళ్ళు టీచరమ్మా" అన్నాడు సంబరంగా. ఆ పిల్ల అటు తిరిగి పతకాన్ని జాకెట్టు లోపలికి వేసుకుంది.

జూన్లో పది పాసయింది. మా పల్లె నుంచి పది పాసయిన మొదటి ఆడపిల్ల. నేనే ఫారాలు నింపి బెజవాడలో ఒక మిషను ఆసుపత్రికి పంపాను. జూలైలో ఇంటర్వ్యూకి పిలిచారు.

మేట్రన్ సిస్టరుగారు అరగంట ప్రశ్నలడిగారు. జ్వరం ఎలా చూస్తావు, కాలిన గాయానికి ముందేం చేస్తావు, రాత్రి డ్యూటీలో నిద్రొస్తే ఏం చేస్తావు. అన్నిటికీ చెప్పింది. ఇంగ్లీషులో రెండు చోట్ల తడబడి మళ్ళీ సర్దుకుంది. సిస్టరుగారు నావైపు తిరిగి, "బాగా తయారు చేశారమ్మా" అన్నారు. నా కడుపు నిండిపోయింది. అప్పుడు ఎస్సెస్సీ సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకున్నారు.

"ఈ పిల్లకి పదిహేనే కదా నిండాయి. మాకు పదిహేడు నిండాలి."

వయసు మీరిపోతుందేమోనని భయపడ్డాను గానీ, వయసు చాలక ఆగిపోతుందని నేను ఏనాడూ అనుకోలేదు. పదేళ్ళు ఆ పిల్లను తయారు చేశాను, ఫారంలో వయసు గడి దగ్గర ఎంత ఉండాలో చదవాలన్న ధ్యాస లేకపోయింది. సర్టిఫికెట్టు చూసి తారీఖు దింపేశాను, అంతే. నేనే రాసిన అబద్ధాన్ని నేనే నిజమనుకుని దింపాను.

"నిండాయి సిస్టర్. నాకు తెలుసు. నేను జ్ఞానతల్లిని."

"మరి ఇందులో ఇలా ఎందుకుంది?"

లూర్దు నావైపు చూసి, వెంటనే నేలకేసి చూసింది. ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది.

సిస్టరుగారు మంచి మనిషి. "ఆగస్టు నెలాఖరు దాకా సీటు ఆపి ఉంచుతాను. దిద్దించుకుని రండి" అన్నారు.

మర్నాడే బందరు బస్సెక్కాను. అక్కడ జిల్లా విద్యాశాఖ ఆఫీసులో వెంకటసుబ్బారావు అనే గుమాస్తా ఉండేవాడు, మా జీతాల కాగితాలు చూసేవాడు. కాఫీ తెప్పించి, తలుపు దగ్గరికేసి, విషయమంతా విన్నాడు.

"దిద్దడానికి దారి ఉందండీ" అన్నాడు. "గుడి పుస్తకంలో తారీఖు నకలు ఒకటి కావాలి. దాంతోపాటు, బడిలో ఆ తారీఖు రాసిన టీచరు ఒక స్టేట్‌మెంటు ఇవ్వాలి. అసలు తారీఖు తెలిసీ నేను వేరే తారీఖు వేశాను అని. ఆ రెండూ ఉంటే నెలా నెలన్నరలో అయిపోతుంది."

"ఇస్తాను" అన్నాను.

"ఇవ్వొచ్చండీ. కానీ తెలిసి రాశానని సంతకం పెట్టాక మీ మీద ఎంక్వయిరీ వేస్తారు. ఊరికే ఉండరు. ఇంకెంతమందికి రాశారని ఆ రిజిస్టరంతా తిరగేస్తారు. మీకు తెలియనిదేముంది, నిన్న గాక మొన్న ఎమర్జెన్సీ పోయింది. ఎంతటివాళ్ళ ఉద్యోగాలు పోయాయో చూశాం కదండీ. బాగా ఆలోచించుకోండి."

బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను. ఇంటికొచ్చి మా వారికి చెప్పాను.

"నీ ఉద్యోగం పోతే ఏం తింటాం సంపూర్ణం?" అన్నారు ఆయన, ఆ మొండిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. తర్వాత ఆయనే, "అయినా నీ ఇష్టం. ఈ చేతికి కట్లు కట్టిన పిల్ల" అన్నారు.

గుడి పుస్తకం నకలు ఫాదరుగారు వారం తిరక్కుండా పంపించారు. స్టేట్‌మెంటు నేను రాశాను. మూడుసార్లు రాశాను. సంపూర్ణమ్మ అను నేను, తెలిసి, అని మొదలుపెట్టాను. ఆ 'తెలిసి' దగ్గర కలం ఆగిపోయేది. చివరికి పూర్తి చేసి, సంతకం కూడా పెట్టి, కవరులో వేసి, బీరువాలో చీరల కింద పెట్టాను. రేపు పోస్టులో వేద్దాం అనుకున్నాను. మర్నాడు ఇనస్పెక్షన్ అన్నారు. ఆ మర్నాడు మా వారికి జ్వరం. మనసు లేకపోతే మార్గాలకేం కొదవ?

నాకు నేను చెప్పుకున్న సాకు ఇంకోటుంది. నేను నోరు విప్పితే లూర్దు ఒక్కదానిదే కాదు, నా చేతిమీదుగా వెళ్ళిన పిల్లలందరి తారీఖులూ బయటపడతాయి. ఒకడు పోస్టుమాన్ అయ్యాడు, ఇంకొకడు రైల్వేలో గ్యాంగుమాన్. వాళ్ళ నోటికాడ కూడు పోతుంది కదా అనుకున్నాను. ఎంత గొప్పగా ఉందో చూడండి! అదంతా వట్టిమాట. నేను భయపడ్డాను. నా జీతం కోసం, నా పేరు కోసం భయపడ్డాను. సంపూర్ణమ్మ టీచరు దొంగరాతలు రాసిందట అని నా వెనక అంటారని భయపడ్డాను.

ఆగస్టు ఇరవై దాటాక ఒక సాయంత్రం లూర్దు ఉతికిన చీరలు మడతపెట్టి బీరువాలో సర్దుతోంది. కవరు చేతికి తగిలింది. మీద బందరు అడ్రసు ఉంది, తపాలాబిళ్ళ అంటించి ఉంది. బందరు మాట, నా ఉద్యోగం మాట ఇంట్లో తనూ విన్నదే. చాలాసేపు పట్టుకుని నిలబడింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూ కదల్లేదు. కవరు మళ్ళీ అక్కడే పెట్టి, దానిమీద చీరలు సర్ది, నా దగ్గరకొచ్చింది.

"టీచరుగారూ, అది పంపొద్దులెండి. రెండేళ్ళేగా. ఆగుతాను" అంది.

ఆ మాటకి నేనేం చేశానో చెప్పనా? అమ్మయ్య అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని, పదిహేడేళ్ళ పిల్ల నా భారం తను మోస్తానంటే, కాదే పిచ్చిదానా అని ఒక్క మాట అనకుండా, లోపల్లోపల అమ్మయ్య అనుకున్నాను. పైకి మాత్రం, "రెండేళ్ళెంతసేపే, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి" అన్నాను. నెలాఖరు దాటిపోయింది. సీటు వేరే పిల్లకిచ్చారు.

సెప్టెంబరు మొదట్లో మరియదాసు వచ్చాడు, కూతురు ట్రైనింగులో చేరిందేమో చూసిపోదామని. చేతిసంచిలో ఎండురొయ్యలు తెచ్చాడు మాకు.

"వయసు చాల్లేదన్నారు మరియదాసూ" అన్నాను.

"చాల్లేదా?" అన్నాడు. అతని పెదాలు కదిలాయి. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

"చాల్లేదు. రెండేళ్ళు ఆగాలి."

"సరే అమ్మా. చదువుకున్నోళ్ళు, మీకు తెలియదా" అన్నాడు. తర్వాత, "అందాకా ఇంటికి తీసుకుపోతాను. రెండేళ్ళు మీ మీద పడి తినడం బాగోదు. వాళ్ళమ్మకీ నడుము బాగాలేదు" అన్నాడు.

లూర్దు తన బట్టలు మూట కట్టుకుంది. ఉండవే అనొచ్చు. అనలేదు. ఆ పిల్ల ఎదురుగా తిరుగుతుంటే నాకు ఊపిరాడటం లేదు, అది నిజం. వెళ్తూ మా వారి చేతిని ఒకసారి పట్టుకుని చూసి, "కొబ్బరినూనె రాస్తూ ఉండండి బాబుగారూ, చలికాలంలో పగుల్తుంది" అని చెప్పింది. నాకు మాత్రం, "క్రిస్మస్‌కి వస్తానండి" అంది.

నవంబరు మొదటివారంలో ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, నోటికొచ్చు. పగలు కూలికి పోతున్నానని, సాయంత్రం పూట పాత బడిగదిలో పల్లెపిల్లలకి చదువు చెబుతున్నానని రాసింది. ఇరవై ఇద్దరు వస్తున్నారట. "వాళ్ళకొక పుస్తకం పెట్టానండి. ప్రతి ఇంటికీ వెళ్ళి తల్లుల్ని అడిగి పుట్టిన తారీఖులు కనుక్కుంటున్నాను. పండగలూ వరదలూ చెప్పి అడిగితే వాళ్ళకి గుర్తొస్తున్నాయండి. ఓపిగ్గా కూర్చుంటే అందరికీ తెలుస్తోంది. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. మీరేమీ అనుకోవద్దు" అని రాసింది.

మీరేమీ అనుకోవద్దట. ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచేశాను. జవాబు రాయలేదు. క్రిస్మస్‌కి వస్తుందిగా, అప్పుడు కూర్చోబెట్టి అన్నీ మాట్లాడదాం అనుకున్నాను. స్టేట్‌మెంటు కూడా అప్పుడే పంపేద్దాం, వచ్చే ఏడాదికైనా సీటొస్తుంది అనుకున్నాను. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

పంతొమ్మిదో తారీఖు శనివారం. బెజవాడలోనే కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. మా పెంకులు ఎగిరి పక్కింటివాళ్ళ వాకిట్లో పడ్డాయి. గాలివాన అనుకున్నాం. సముద్రం ఊళ్ళ మీదకొచ్చిందని తెలియడానికి రెండు రోజులు పట్టింది. అవనిగడ్డ అవతల ఊళ్ళు లేవన్నారు. లేవంటే ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

ఐదో రోజున నేను బయల్దేరాను. మా వారు వద్దన్లేదు. వెళ్ళేముందు బీరువా తీసి ఆ కవరు, గుడి నకలు, లూర్దు ఎస్సెస్సీ సర్టిఫికెట్టు సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. చల్లపల్లి దాకా బియ్యం లారీ మీద, అక్కడి నుంచి ఒక ట్రాక్టరు మీద, ఆఖర్న నడిచి వెళ్ళాను. దారి పొడుగునా గొడ్లు ఉబ్బిపోయి పడున్నాయి. కొంగు ముక్కుకి కట్టుకుని నడిచాను. తాడిచెట్లకి, తుమ్మకంపలకి చీరలు చిక్కుకుని ఉన్నాయి. కోతకొచ్చిన చేలు ఉప్పు పట్టి నల్లబడ్డాయి.

మా పల్లె ఉన్నచోట మరియదాసు కనపడ్డాడు. తుపాను రోజున అతను చల్లపల్లిలో బస్తాలు మొయ్యడానికి వెళ్ళి ఉన్నాడు. అందుకే బతికాడు. నన్ను చూసి ఏడవలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. గాలి పెరిగేసరికి పల్లెలో ఆడవాళ్ళూ పిల్లలూ బడిగదిలోకి చేరారట. అక్కడ ఉన్న పక్కాకప్పు అదొక్కటే. లూర్దే పిలిచి చేర్చిందని, తాడిచెట్టెక్కి బతికినతను ఒకడు చెప్పాడట. నీళ్ళు ఆ కప్పు మీదుగా పోయాయి. శౌరమ్మ గోడ కింద దొరికింది. లూర్దు అరమైలు అవతల, కాలవ గట్టున దొరికింది.

"పతకాన్ని బట్టి పట్టుకున్నా టీచరమ్మా. మొహాన్ని బట్టి తెలిసేట్టు లేదు" అన్నాడు.

అప్పటికే పూడ్చిపెట్టారు. అందరినీ ఒకే గుంటలో పెట్టారు. ఆ ఇరవై ఇద్దరు పిల్లలు కూడా అందులోనే ఉన్నారు. పుస్తకం దొరకలేదు.

రోడ్డు పక్కన టార్పాలిన్ పరదా కట్టి, రెవెన్యూ గుమాస్తా ఒకతను బల్ల వేసుకుని చనిపోయినవాళ్ళ లిస్టు రాస్తున్నాడు. బెజవాడ కుర్రాడే, గడ్డం మాసి ఉంది. మా వంతు వచ్చింది. శౌరమ్మ పేరు రాశాడు, వయసడిగాడు. "నలభై ఉంటయ్యండి" అన్నాడు మరియదాసు. నలభై అని వేశాడు.

"పిల్ల పేరు?"

"లూర్దమ్మండి."

"వయసు?"

మరియదాసు నోరు తెరిచి, ఆగి, నావైపు చూశాడు. "టీచరమ్మనడగండి బాబూ. ఆయమ్మ చెప్పిందే లెక్క" అన్నాడు.

"పదిహేడు నిండాయి" అన్నాను. "1960 ఫిబ్రవరి పద్నాలుగున పుట్టింది."

గుమాస్తా పదిహేడు అని వేశాడు. నేను సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. "సర్టిఫికెట్టులో పదిహేనే అని ఉంటుంది. అది తప్పు. తెలిసి నేనే అలా రాశాను. ఇదిగో నా స్టేట్‌మెంటు, సంతకం పెట్టాను, చూడండి" అన్నాను.

అతను కవరు ముట్టుకోలేదు. నాకు మతి చలించిందనుకున్నాడేమో, చాలా మెత్తగా మాట్లాడాడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ? మీరు చెప్పారు, నేను రాశాను. అయిపోయింది. పక్కకి రండి, వెనక జనం ఉన్నారు" అన్నాడు.

అంతే. ఎంక్వయిరీ లేదు, బందరు లేదు. ఒక్కమాట చెబితే దిద్దుకుపోయింది. జూలైలో ఈ కవరు పోస్టు డబ్బాలో పడేసి ఉంటే ఆ పిల్ల ఈపాటికి బెజవాడలో తెల్లబట్టలు వేసుకుని వార్డులో తిరుగుతూ ఉండేది. నా ఉద్యోగం పోయుంటే పోయుండేది. పస్తులుండేవాళ్ళం, అంతేగా. పస్తులు మాకు కొత్తా?

మరియదాసు నా వెనకే వచ్చి, పడిపోయిన తాడిమొద్దు మీద కూర్చున్నాడు. తలెత్తి అడిగాడు.

"పదిహేడేనా టీచరమ్మా?"

"పదిహేడే."

"మరి ఆస్పత్రోళ్ళకి చాల్లేదన్నారు గదా."

నేను నిలబడే అంతా చెప్పాను. బడి పుస్తకంలో ఏం రాశానో, ఎందుకు రాశానో, కవరు ఎన్ని రోజులు చీరల కింద ఉందో, అతను ఎండురొయ్యలు తెచ్చిన రోజున మొహం మీద ఎలా అబద్ధం ఆడానో. ఒక్కటీ దాచలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుణ్ణని చూశాను. కొట్టినా నిలబడేదాన్ని.

అతను తన చేతివేళ్ళకేసి చూసుకుంటూ విన్నాడు.

"లూర్దు కూడా నాతో అదే చెప్పింది" అన్నాడు చివరికి. "వయసు చాల్లేదు నాన్నా అంది. నేను తిరనాళ్ళు లెక్కెట్టి, పదిహేడు అయినయ్యి గదే అన్నా. నువ్వు ఎక్కడో ఒకటి రెండు ఎక్కువ లెక్కెట్టుంటావు నాన్నా అంది. బస్సులో అవనిగడ్డ దాకా లెక్కెట్టుకుంటానే ఉన్నా. ఎన్నిసార్లెట్టినా పదిహేడే వచ్చింది. చదువు లేనోణ్ణి, నాదే తప్పయ్యుంటదిలే అనుకున్నా."

అతను వంగి ఎవరో పిల్లవాడి చొక్కా ఒకటి బురదలోంచి తీసి, దులిపి, పక్కన పెట్టాడు.

"అయితే నా లెక్క తప్పు కాదన్నమాట" అన్నాడు.

"కాదు మరియదాసూ" అన్నాను.